లెక్కకు రాని చేతులు

అంగవైకల్యము గలవారికి మన భాష పెట్టిన పేర్లు చాలసార్లు మారినవి. పూర్వము కుంటి, గ్రుడ్డి, అవిటి అను మాటలను నిస్సంకోచముగా వాడిరి. అవి నొప్పించు మాటలని గ్రహించిన తరువాత 'వికలాంగులు' అను మాట వచ్చినది. దాని వెనుక ప్రభుత్వ కార్యాలయములలో 'విభిన్న ప్రతిభావంతులు' అను పేరును, 2015 డిసెంబరులో ప్రధానమంత్రి సూచించిన పిమ్మట 'దివ్యాంగులు' అను పేరును వాడుకకు వచ్చినవి. ఈ మార్పులలో మర్యాద ఉన్నది. ఒక్కొక్కప్పుడు మర్యాద తప్ప మరేమియు లేదు. అది వేరు సంగతి. ఇన్ని పేర్లు వెదకిన భాష, ఆ మనిషిని ప్రొద్దున లేవనెత్తి కూర్చుండబెట్టి, ముఖము కడిగి, ముద్ద నోటికందించు మనిషికి మాత్రము ఒక్క పేరైనను పెట్టలేదు. 'సంరక్షకుడు' అందుమా, అది మైనరు బిడ్డకును వాని ఆస్తికిని కోర్టు నియమించు పెద్దమనిషి పేరు. ఆయా, నర్సు అనునవి జీతము పుచ్చుకొనువారి పేర్లు. జీతము లేక, సెలవు లేక, ముప్పది సంవత్సరములు ఒకే మనిషిని మోసిన స్త్రీ, కాగితముల మీద తల్లి, భార్య, అక్క, వదిన మాత్రమే. చుట్టరికమునకు పేరున్నది గాని పనికి పేరు లేదు.

పేరు లేనంతమాత్రమున వచ్చిన నష్టమేమి అని అడుగవచ్చును. 2020లో కరోనా మహమ్మారి పల్నాటిలో అడుగుపెట్టినప్పుడు ఆ నష్టము ఎట్టిదో తెలిసినది.

అప్పటికి పల్నాడు గుంటూరు జిల్లాలో ఒక భాగము. నరసరావుపేట ముఖ్యపట్టణముగా ప్రత్యేక జిల్లా ఏర్పడినది 2022 ఏప్రిల్ 4వ తేదీన. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగినది. 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ వచ్చినది. ఏప్రిల్ నెలలో నరసరావుపేట పట్టణమున, అందులోను వరవకట్ట ప్రాంతమున, వ్యాధి వేగముగా ప్రాకినది. గుంటూరు నగరము తరువాత ఆ జిల్లాలో ఎక్కువగా వినబడిన పేరు ఈ ఊరిదే. మే 15 నాటికి క్రొత్త కేసులు లేకుండ చేయవలెనని అధికారులు గడువు పెట్టుకొని వీధులకు వీధులే మూసివేసిరి. పాలు, కూరగాయలు ఇండ్ల ముంగిటికి వచ్చెను. మనుషులు మాత్రము గడప దాటరాదు.

ఆ కట్టుబాట్లు అనవసరమని అనుటకు వీలులేదు. టీకా లేని నాడు దూరమొక్కటే మందు. అయితే ఆ మందు ఒక ఊహ మీద ఆధారపడినది. ప్రతి మనిషియు తనంతట తాను నిలువగలడు, తన గ్లాసు తాను కడుగుకొనగలడు, తన మాస్కు తాను తగిలించుకొనగలడు అనునదే ఆ ఊహ. ఒకే చాప మీద అన్ని కులములవారిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టినాడని బ్రహ్మనాయుని తలచుకొను సీమలో, ఆ వేసవిని ఎవరి చాప వారిదైనది. ఆరోగ్యముగా నున్నవారు దానికి అలవాటు పడిరి. కాని తనంతట తాను ప్రక్కకు ఒత్తిగిలలేని మనిషికి, ఆరడుగుల దూరమున నిలిచి అన్నము పెట్టుట ఎట్లు?

మాచర్ల ప్రక్కనో గురజాల ప్రక్కనో ఒక ఇంటిని పాఠకులు ఊహించుకొందురు గాక. అట్టి ఇండ్లు ఊరికి ఒకటో రెండో ఉండకపోవు. అరువదేండ్ల తల్లి, ముప్పదియైదేండ్ల కొడుకు. పుట్టుకలోనే మెదడుకు దెబ్బ తగిలి వానికి కాలుచేతులు స్వాధీనము తప్పినవి. చిన్ననాడు చంకనెత్తుకొని తిరిగిన బిడ్డ ఇప్పుడు ఆమెకంటె బరువు. మంచము మీద నుండి దింపవలెనన్న, ఆమె తన మెడచుట్టు వాని చేతులు వేసికొని, నడుము బిగించి, ఒక్క ఊపున లేవనెత్తవలెను. వాని ఊపిరి ఆమె ముఖము మీదనే తగులును. రాత్రివేళ రెండు మూడు గంటలకొకసారి ఒత్తిగిలింపకున్న వీపున పుండ్లు పడును. ఆ పుండ్లు ఒకసారి పడిన మానుటకు నెలలు పట్టును, ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి తెచ్చును. అందుచేత ఆమె ఇరువదియేండ్లుగా తెల్లవారువరకు ఒక్క నిద్ర పోయినది లేదు. వానికి మాటలు రావు. కాని కనురెప్ప వాల్చిన తీరును బట్టి, గొంతులో మ్రోగిన చప్పుడును బట్టి, దాహమో, నొప్పియో, భయమో ఆమె తెలిసికొనును. ఈ భాష తెలిసినవారు లోకమున ఇద్దరో ముగ్గురో ఉందురు.

మామూలు రోజులలో ఆమె ఒంటరి కాదు. ఈ సంగతి పట్టణములలో వ్రాసిన నివేదికలలో అంతగా కనబడదు. ఆమె కూలికి పోయినప్పుడు ఎదురింటి ముసలమ్మ వచ్చి వాని మంచము ప్రక్కన కూర్చుండి వత్తులు చేసికొనును. సాయంకాలము ఇద్దరు కుర్రవాండ్రు వానిని ఎత్తి అరుగు మీద కూర్చుండబెట్టుదురు. బస్సు వచ్చుట, గొర్రెలు మళ్లుట, పేకాటవారి కేకలు, ఇవన్నియు వానికి వినోదము. మంగలి ఇంటికే వచ్చి గడ్డము గీయును. ఊరి ఆర్.ఎం.పి. వైద్యుడు దారిన పోవుచు ఒకసారి తొంగిచూచును. బంధువు లెవరైన వచ్చినప్పుడు తల్లి ఒక పూట కోటప్పకొండకో, ఒక పెండ్లికో పోయి రాగలదు. పల్లెలో అట్టి మనిషిని సాకుట పదిమంది, పని అని తలపకయే, పంచుకొన్న పని. ఎవరును దానికి సేవ అని పేరు పెట్టలేదు. దానిని వ్రాసి పెట్టినవారును లేరు. అందుచేతనే, మార్చి నెలలో ఒక్క రాత్రిలో ఆ పదిమందిని తొలగించినప్పుడు, ఏమి పోయినదో ఎవరికిని తెలియలేదు. ముసలమ్మ వృద్ధురాలు గనుక ఇల్లు కదలరాదు. కుర్రవాండ్రు దూరము పాటింపవలెను. మంగలి రాడు, వైద్యుడు రాడు, బంధువు రాడు. పదిమంది చేతుల బరువు రెండు చేతుల మీద పడినది.

అది మిరపకోతల కాలము కూడ. పల్నాట ఆడవారికి ఏడాదిలో నాలుగు డబ్బులు కంటబడునది ఆ నెలలలోనే. వ్యవసాయపు పనులకు ప్రభుత్వము అనుమతి ఇచ్చినది. కాని గుంటూరు మిరప మార్కెట్ యార్డు మార్చి చివర మూతపడినందున కాయ కదలలేదు, రైతు చేతికి డబ్బు రాలేదు. పని దొరకినచోట కూడ ఈ తల్లి ముందు ఒక చిక్కుముడి ఉండెను. నలుగురితో ఆటోలో ఇరుకుకొని చేనికి పోయి వచ్చిన, రోగమును తానే ఇంటికి మోసికొని రావచ్చును. పోకున్న జరుగుబాటు లేదు. ఇతర కూలీలకును ఈ భయము ఉండెను. వారికి రోగము తగిలిన వారు మంచాన పడుదురు; ఈమె మంచాన పడిన, ఆ ఇంట మంచాన పడువారు ఇద్దరు.

వైకల్యములన్నియు ఒక్కవిధముగా లేవు గనుక కష్టములును ఒక్కవిధముగా లేవు. చూపు లేనివానికి చేతి స్పర్శయే చూపు. గోడ, కమ్మీ, తోడువాని భుజము తాకుచు నడచిన మనిషికి దేనిని తాకరాదనిరి. చెవి వినబడనివాడు ఎదుటివారి పెదవుల కదలికను చదువును. మాస్కు ఆ పుటను మూసివేసినది. బుద్ధిమాంద్యము గల పెద్దవారికి దినచర్యయే లోకము. రోజును పది గంటలకు టీ అంగడి వరకు నడచి వచ్చు అలవాటు గలవానిని ఎందుకు ఆపినారో వానికి చెప్పి ఒప్పించుట సాధ్యము కాదు. వాడు తలుపు బాదును, తల గోడకేసి కొట్టుకొనును, ఒక్కొక్కప్పుడు తల్లినే కొట్టును. ఆ దెబ్బల సంగతి ఆమె పొరుగువారితో అనదు.

పోలియో సోకి కాలు చచ్చుబడినవారి కథ మరియొకటి. మన దేశమున చివరి పోలియో కేసు 2011 జనవరి 13న నమోదైనది. ఆ వ్యాధిని గెలిచితిమి. కాని అంతకుముందు ఆ వ్యాధి బారినపడిన తరము ఇప్పుడు నడివయస్సులో ఉన్నది. వీరిలో పలువురు ఎవరి మీదను ఆధారపడక, కుట్టుమిషను మీదనో, సెల్‌ఫోను మరమ్మతు మీదనో, చిల్లరకొట్టు మీదనో బ్రతుకువారు. పెండ్లిండ్లు నిలిచి, అంగళ్లు మూసి, ఆర్.టి.సి. బస్సులు మే 21 వరకు డిపోలలో నిలిచిపోగా, జీవితమంతయు కష్టపడి సంపాదించుకొన్న స్వాతంత్ర్యము రెండు నెలలలో చేజారినది. అన్నను చేయి చాచి అడుగవలసి వచ్చిన నలువదియేండ్ల తమ్ముని మనస్సు ఏ లెక్కలలోను చేరదు.

మందుల సంగతి వేరుగ చెప్పవలెను, ఏలయన ఇందులో ప్రాణాపాయము ఉన్నది. మెదడుకు సంబంధించిన వైకల్యము గలవారిలో అనేకులకు మూర్ఛలు, జనులు ఫిట్స్ అనునవి, ఉండును. ఆ మాత్రలు ఒక్క పూట తప్పరాదు. హఠాత్తుగా ఆపినచో మూర్ఛ వెంట మూర్ఛ వచ్చి మనిషిని తీసికొనిపోవచ్చును. పల్లెల మందులషాపులలో అవి అన్నివేళల దొరకవు. దాచేపల్లి వైపు గ్రామములవారికి గుంటూరు దూరము, కృష్ణకు ఆవల మిర్యాలగూడెము దగ్గర. పెద్ద వైద్యమునకు హైదరాబాదు పోవుట వారికి అలవాటు. పొందుగుల వంతెన వద్ద సరిహద్దు మూసివేసి, మార్చి చివర అచ్చట వందలాది జనము నిలిచిపోయిన దృశ్యము పత్రికలలో అందరును చూచినదే. ఆ జనములో ఊరికి చేరగోరిన కూలీలు, విద్యార్థులు ఉండిరి. మందుచీటీ పట్టుకొని ఆవలికి పోవలసినవారు వంతెన దాకనైనను రాలేదు. వచ్చి ప్రయోజనము లేదని వారికి తెలియును. తలసేమియా వంటి రక్తవ్యాధులకు నెలకొకటి రెండుసార్లు రక్తము ఎక్కింపవలెను. కళాశాలలు మూసివేయుటతో రక్తదాన శిబిరములును ఆగిపోయినవి.

ఈ కాలమున ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట న్యాయము కాదు. వికలాంగుల సాధికారతా విభాగము 2020 మార్చి 26వ తేదీననే, అనగా లాక్‌డౌన్ రెండవ దినముననే, వివరమైన మార్గదర్శకములు వెలువరించినది. సమాచారమును బ్రెయిలీలోను సంజ్ఞాభాషలోను ఇవ్వవలెననియు, తోడ్పడువారికి సులభముగా పాసులు ఇవ్వవలెననియు అందులో ఉన్నది. ఆ దినముననే ఆర్థికమంత్రి, పేదలైన వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు మూడు నెలలలో రెండు విడతలుగ 1,000 రూపాయలు ప్రకటించిరి. వికలాంగులలో అది చేరునది కేంద్ర పింఛను పథకమున ఉన్నవారికే; ఆ పథకమునకు నూటికి ఎనుబది పాళ్ల వైకల్యము ఉండవలెను. ఆంధ్రప్రదేశమున అంతకుముందే, 2020 ఫిబ్రవరి 1 నుండి, వాలంటీర్లు పింఛను సొమ్మును ఇంటికే తెచ్చి ఇచ్చు పద్ధతి మొదలైనది. వికలాంగుల పింఛను అప్పుడు 3,000 రూపాయలు. ఏప్రిల్ 1న అంతటి నిర్బంధములోను ఆ సొమ్ము గడపలోనికి వచ్చినది. వ్రేలిముద్ర తీసికొనుట ప్రమాదమని మాని, ఫొటో తీసికొని సరిపెట్టిరి. వందలాది గ్రామములలో ఆ నెల పొయ్యి వెలిగినది ఆ 3,000 వలననే యని చెప్పినచో అతిశయోక్తి కాదు. మంచి పనిని మంచిదనియే అనవలెను.

అయితే ఈ ఏర్పాట్లన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో ఒక సంగతి తోచును. పింఛను వికలాంగుని పేరన వచ్చినది. పాసు, వేరొక ఇంటి నుండి వచ్చి తోడ్పడు మనిషికి ఇచ్చినది. ఇంటిలోనే ఉండి, మందుల కొరకు బయటికి పోవలసిన తల్లి ఏ కోవలోనిది? ఆమె వికలాంగురాలు కాదు, నర్సు కాదు, అత్యవసరోద్యోగి కాదు. కూడలిలో నిలిపిన పోలీసుకు ఆమె చూపదగిన కాగితము కొడుకు సర్టిఫికెటు ఒక్కటే. ఆ సర్టిఫికెటులోని మనిషి ఆమె వెంట లేడు.

అన్నింటికంటె పెద్ద ప్రశ్న, ఆమెకే రోగము తగిలిన ఏమగును అనునది. తొలినాళ్లలో వ్యాధి సోకినవారిని ఆసుపత్రికిని, వారిని తాకినవారిని క్వారంటైన్ కేంద్రములకును తరలించుట నియమము. తల్లిని తీసికొనిపోయిన, కొడుకు ఎవరి చేతిలో ఉండును? కొడుకును తీసికొనిపోయిన, తోడెవరిని రానీయని వార్డులో వాని కనుసైగ చదువువారెవరు? ఈ భయముచేతనే జ్వరము వచ్చినను చెప్పక, పరీక్షకు పోక, గుట్టుగా నుండుట ఎవరికైనను తోచు ఉపాయము. దానిని అజ్ఞానమని నిందించుట సులభము.

ఈ భయము వట్టి ఊహ కాదు. 2020 జనవరి చివర చీనాదేశములో హూబే రాష్ట్రమున ఇదే జరిగినది. మస్తిష్క పక్షవాతము గల ఒక బాలునికి తండ్రియే సర్వస్వము. జ్వరము వచ్చిన తండ్రిని క్వారంటైనుకు తీసికొనిపోయిరి. బిడ్డ ఇంట ఒక్కడే ఉన్నాడనియు, చూచుకొనువారు లేరనియు ఆ తండ్రి బయటివారికి మొరపెట్టుకొన్నను, వారము తిరుగకుండనే ఆ బాలుడు మరణించెను. పిమ్మట స్థానికాధికారులను ఉద్యోగముల నుండి తొలగించిరి. అక్కడి అధికారులు క్రూరులని అనుకొన్న పొరపాటు. వారి దస్త్రములో రోగి ఒకడే ఉండెను. అతనికి కట్టియున్న రెండవ ప్రాణము దస్త్రములో లేదు.

మన విద్యార్థులకు శ్రవణకుమారుని కథ తెలియును. చూపులేని తల్లిదండ్రులను కావడిలో మోసిన కొడుకు, నీళ్లకు పోయి దశరథుని బాణమునకు కూలిన కథ. పితృభక్తికి దానిని ఉదాహరణముగ పాఠములలో చెప్పుదురు. ఆ కథను వాల్మీకి అయోధ్యాకాండలో దశరథుని నోట కౌసల్యకు చెప్పించినాడు. అచ్చట ఆ కుఱ్ఱవానికి పేరే లేదు. ముని కుమారుడు, అంతియే. శ్రవణుడను పేరు తరువాతి సంప్రదాయమున వచ్చినది. బాణము తగిలిన బాలుడు తన ప్రాణము కొరకు ఏడ్వలేదు. తనపై ఆధారపడిన ఇద్దరు అంధులు ఇక ఏమగుదురని ఏడ్చెను; ఒక్క బాణముతో మూడు ప్రాణములు పోయెనని రాజుతో అనెను. తరువాత అట్లే జరిగినది. చూచుకొనువాని ప్రాణముతో చూచుకొనబడువారి ప్రాణము ముడివడియుండునని ఆదికవికి తెలియును. 2021లో టీకాల వరుసక్రమము వ్రాసినవారికి అది తట్టలేదు.

ఆ వరుసను చూడుడు. 2021 జనవరి 16న వైద్యసిబ్బందితో టీకాలు మొదలైనవి. మార్చి 1 నుండి అరువది దాటినవారికిని, నలువదియైదు దాటి దీర్ఘరోగములున్నవారికిని ఇచ్చిరి. ఆ రోగముల జాబితాలో అధిక సహాయము అవసరమైన వైకల్యములను చేర్చిరి. మేలే. కాని ముప్పదియైదేండ్ల కొడుకు నలువదియైదు దాటలేదు. పద్దెనిమిది దాటినవారికందరికి మే నెలలో అనుమతి వచ్చినది. అప్పటికి రెండవ తరంగము ఊళ్లను ఊపివేయుచున్నది, టీకాలు చాలవు. కేంద్రమునకు పోలేనివారికి ఇంటివద్దనే టీకా వేయుదుమని కేంద్రప్రభుత్వము ప్రకటించినది సెప్టెంబరు 23న, తొలి టీకా పడిన ఎనిమిది నెలలకు. తోడుండువారిని ప్రత్యేకముగ ఏ వరుసలోను చేర్చలేదు. ఆ సంవత్సరము జూనులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము అయిదేండ్లలోపు బిడ్డలున్న తల్లులకు ముందుగా టీకా వేయించినది. బిడ్డకు జబ్బు చేసిన తల్లి ప్రక్కన ఉండక తప్పదు గనుక తల్లి ముందు క్షేమముగ ఉండవలెనని దాని యుక్తి. ఎంతయో తెలివైన యుక్తి. ముప్పదియైదేండ్లు నిండినను చేతి ముద్ద మీదనే బ్రతుకు బిడ్డ గల తల్లికి ఆ యుక్తి వర్తింపలేదు, ఏలయన లెక్క చూచినది బిడ్డ వయస్సును గాని ఆమె పనిని కాదు.

బ్రిటనులో ఇట్లు జరుగలేదు. జీతము లేక ఇంటివారిని చూచుకొనువారిని అచ్చట టీకాలకు ఆరవ వర్గములో చేర్చిరి. అచ్చటివారు మనకంటె దయగలవారు కావచ్చును, కాకపోవచ్చును. కారణము మాత్రము దయ కాదు. అట్టివారికి భృతి ఇచ్చు పద్ధతి 1976 నుండి ఆ దేశమున ఉన్నది గనుక, వారెవరో ప్రభుత్వపు పుస్తకములలో ముందే ఉండెను. ఆ భృతియు మొదట భర్తతో కాపురముండు స్త్రీలకు ఇవ్వలేదు; ఇంటిలో ఉండువారు ఎట్లును చూచుకొందురు గదా అనిరి. పదేండ్లు పోరాడిన మీదట 1986లో వారికిని దక్కినది. అట్టి దేశమున కూడ, 2020 జనవరి 24 నుండి నవంబరు 20 వరకు ఇంగ్లండులో కోవిడ్ వలన మరణించిన ప్రతి పదిమందిలో సుమారు ఆరుగురు వికలాంగులని ఆ దేశపు గణాంకశాఖ తేల్చినది. వారిలో వృద్ధులే ఎక్కువ యన్నది నిజమే. అయినను లెక్కించిన జనాభాలో వికలాంగులు సుమారు ఆరవవంతు మాత్రమే. మన దినదిన బులెటిన్లలో జిల్లాలవారి అంకెలుండెను. వైకల్యమునకు గడి లేదు.

మన చట్టము చెడ్డది కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వైకల్యములను ఇరువదియొక్కటిగా పేర్కొన్నది. విపత్తులలో వారికి సమాన రక్షణ ఉండవలెనని 8వ సెక్షను చెప్పుచున్నది. అధిక సహాయము అవసరమైనవారికి, తోడుండువారి నిమిత్తమై భత్యము ఇచ్చు పథకములు పెట్టవలెనని 24వ సెక్షనులో స్పష్టముగ ఉన్నది. ప్రభుత్వపు 'ఆర్థిక సామర్థ్యపు పరిధిలో' అను మాటయు అచ్చటనే ఉన్నది. కేరళము ఈ చట్టమునకు ముందే 'ఆశ్వాసకిరణం' అను పేర, మంచము పట్టినవారిని చూచుకొనువారికి నెలకు 600 రూపాయలు ఇచ్చు ఏర్పాటు చేసినది. సొమ్ము స్వల్పము, కాని చెల్లింపు చూచుకొనువాని పేరన జరుగును. ఆంధ్రప్రదేశమున 2024 జూలై 1 నుండి వికలాంగుల పింఛను 6,000 రూపాయలకును, పూర్తిగా మంచము పట్టినవారి పింఛను 15,000 రూపాయలకును పెరిగినది. దేశములో ఇది పెద్ద మొత్తమే. ఇదియు రోగి పేరననే వచ్చును. ఆ మనిషి కన్నుమూసిన నెలతో అది ఆగును. అప్పటికి తల్లియైన వృద్ధురాలు, అక్కయైన పెండ్లి మానుకొన్నది, భార్యయైన ఏ పనియు నేర్వనిది. ముప్పది సంవత్సరములు ఏమి చేసితివని అడిగిన, ఇంట ఊరకనే ఉంటినని ఆమెయే చెప్పును.

ఉపాధ్యాయులకు ఈ విషయమున కొంత దగ్గరి అనుభవము ఉన్నది. మండలములలో భవిత కేంద్రములు నడచుచున్నవి. ప్రత్యేకావసరములు గల పిల్లలు అచ్చటికి వత్తురు; రాలేనివారి ఇంటికి ఉపాధ్యాయులే పోవుదురు. పిల్లవాడు వచ్చిన ఆ రెండు మూడు గంటలు తల్లికి ఊపిరి పీల్చుకొను సమయమని అచ్చట పనిచేసినవారికి తెలియును. 2020 మార్చిలో అవియు మూతపడినవి. తరువాత తెరచిరి. కాని పద్దెనిమిదేండ్లు నిండినవానికి ఆ తలుపు ఎల్లప్పుడును మూసియే ఉండును. బడి వయస్సు దాటినంత మాత్రమున వైకల్యము తీరునా? పట్టణములలో పెద్దవారికి పగటి కేంద్రములు అచ్చటచ్చట ఉండవచ్చును. కారెంపూడి, బొల్లాపల్లి వైపు ఊళ్లలో పద్దెనిమిది నిండిన దినము నుండి వాని లోకము వసారా, ఆ వసారాకు కాపలా తల్లి. ఒక విధముగ చెప్పినచో, 2020లో దేశమంతయు రెండు నెలలు అనుభవించినది వారికి క్రొత్తది కాదు. అప్పటికే పదునేడు పదునెనిమిదేండ్లుగ అనుభవములో నున్నది.

తన తరువాత ఎవరు అను ప్రశ్న ఆ తల్లిని ఎన్నడును విడువదు. మహమ్మారి దానిని రేపటి ప్రశ్నగ మార్చినది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ప్రకారము ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బుద్ధిమాంద్యము, బహువైకల్యము గలవారికి పద్దెనిమిదేండ్లు దాటిన తరువాత కూడ సంరక్షకుని నియమింపవచ్చును. జిల్లా కలెక్టరు ఉండు స్థానిక కమిటీకి తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టుకొనవలెను. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు పల్లెలలో అరుదు. కలెక్టరు కార్యాలయము ఇప్పుడు నరసరావుపేటలోనే ఉన్నది. మునుపటివలె గుంటూరు వరకు పోనక్కరలేదు. అర్జీ వ్రాయుటకు చేయూత ఇచ్చువారు కావలెను, ఊరి బడిలో అట్టి చేయి దొరకుట కష్టము కాదు.

గణాంకములను గూర్చి ఒక మాట. మన దేశమున ఏ మనిషి రోజున ఎన్ని నిమిషములు ఏ పనిలో గడపునో తెలిసికొను సర్వే 2019లో ఒకసారి, 2024లో మరియొకసారి జరిగినది. ఇంటివారిని చూచుకొను పనిలో, అనగా పసిపిల్లలు, వృద్ధులు, రోగులు, వికలాంగులు అందరిని కలిపి, ఆ పని చేయు స్త్రీలు 2019లో దినమునకు 134 నిమిషములు, పురుషులు 76 నిమిషములు గడపిరి. 2024లో స్త్రీలకు 137, పురుషులకు 75. నడుమ మగవారందరు నెలల తరబడి ఇంటనే కూర్చుండిన కాలము ఒకటి గడచినది. అంకెలు దాని జాడను చూపవు.

వికలాంగుల సంఖ్యకు నేటికిని ఆధారము 2011 జనాభా లెక్కలే. ఆ లెక్కల ప్రకారము దేశమున 2 కోట్ల 68 లక్షలు, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 22 లక్షల 66 వేలు. 2021లో జరుగవలసిన జనగణన ఈ మహమ్మారి వలననే వాయిదాపడి 2027కు చేరినది. 2011లో ఎన్యూమరేటరుగా ఇల్లిల్లు తిరిగిన ఉపాధ్యాయులకు ఆ ఫారము జ్ఞాపకము ఉండవచ్చును. అందులో ప్రతి మనిషికి వైకల్యము ఉన్నదా, ఉన్నచో ఎట్టిది అని అడిగిరి. పని ఏమి అనియు అడిగిరి. ఇంటిలో ఉండి మనుషులను చూచుకొనుచున్న స్త్రీని ఆ ఫారములో గృహకృత్యముల క్రింద వ్రాసిరి. మొత్తములు కూడినప్పుడు ఆ గడిలోనివారందరు పనిచేయనివారి లెక్కలో చేరిరి.